రేటు తగ్గలేదు, కొనేవాడే లేడు

హైదరాబాద్‌లో రియల్ ఎస్టేట్ పడిపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. అది పడదు. పెరిగితే బూమ్, ఆగితే కొంచెం డల్, పూర్తిగా ఆగితే ఇంకొంచెం డల్. కొనేవాళ్లు కనపడకుండా పోతారేమో గానీ రేటు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

కౌకూర్‌లో మా బావగారి ఇల్లు ప్రస్తుతం ఈ డల్‌లో ఇరుక్కుని ఉంది. ఆయన మిలిటరీలో సుబేదార్‌గా రిటైరయ్యారు. బొల్లారం, యాప్రాల్, కౌకూర్‌లలో ఇలా దిగిపోయిన మాజీ సైనికులు బోలెడుమంది. క్యాంటీన్ దగ్గర, మిలిటరీ ఆసుపత్రి దగ్గర, చెట్లున్నాయి, గాలి బాగుంటుంది. రెండొందల గజాల్లో జీ ప్లస్ వన్ వేసుకున్నారు. ఇప్పుడు మోకాళ్లు మెట్లెక్కనంటున్నాయి. అమ్మేసి లిఫ్టున్న ఫ్లాట్‌కి పోదామని అక్క పట్టుబట్టింది. గేటుకి బోర్డు కట్టారు: ‘ఈ ఇల్లు అమ్మబడును. బ్రోకర్లు రావద్దు.’ మర్నాడు పొద్దున్నే బ్రోకరొచ్చి అక్షరాలు చిన్నగా ఉన్నాయని చెప్పి వెళ్లాడు.

బావగారు రేటు కట్టిన విధానం అర్థశాస్త్రంలో పాఠంగా పెట్టదగ్గది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటిందని పేపర్లో చదివారు. ఎకరానికి 4,840 గజాలు. పేపరు అంచున పెన్సిల్‌తో భాగిస్తే గజం 2 లక్షల 8 వేలు తేలింది. కౌకూర్ కోకాపేట కాదు గనక అందులో మూడో వంతు, అంటే దాదాపు 70 వేలు చాలన్నారు. స్థలం 1 కోటి 40 లక్షలు, ఇంటికి ఇంకో 28 లక్షలు. ఎవరూ కొనలేదు.

2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు పలికింది. పెన్సిల్ మళ్లీ బయటికొచ్చింది. గజం 3 లక్షల 65 వేలు! ‘మార్కెట్ డల్‌గా ఉంది కదయ్యా, అందుకని ఈసారి మూడో వంతు కాదు, నాలుగో వంతే వేశాను’ అన్నారు. అలా తగ్గింపు పోగా గజం 91 వేలయింది. ఇల్లు 1 కోటి 68 లక్షల నుంచి 2 కోట్ల 10 లక్షలకు తగ్గింది.

‘ఈ రేటుకి ఎవరైనా కొన్నారా బావా?’ అని అడిగాను. పక్క వీధిలో ఒకాయన 90 చెబుతున్నాడన్నారు. వెళ్లి చూస్తే ఆయన బోర్డు కూడా ఎండకి వెలిసిపోయి వేలాడుతోంది. ఆ రేటు ఎక్కడిదని ఆయన్ని అడిగితే మా బావగారి ఇంటి వైపు చూపించాడు.

వేలంపాటలో పలికిన ప్రతిదీ బ్యాంకులో పడుతుందనుకోవడం మనకి కొత్త కాదు. 2006లో ఇదే కోకాపేటలో నగరాభివృద్ధి సంస్థ హుడా వేలం వేస్తే ఎకరం 14 కోట్లు దాటింది. ఊరు ఊరంతా గుణకారాలు చేసుకుంది. 2008లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసి, 2009 జనవరిలో ఇక్కడ సత్యం కంప్యూటర్స్ బండారం బయటపడేసరికి పాట కాస్తా అపశ్రుతిలో పడింది. పాడినవాళ్లలో కొందరు కోర్టు మెట్లెక్కారు. అప్పుడు కూడా రేటు తగ్గిందని ఎవరూ ఒప్పుకోలేదు. డల్ అన్నారు.

ఇక ఏజెంటు. బోర్డు మీద వద్దన్నా వచ్చిన ఆ మనిషి దగ్గర పంచాంగం, పేపరు రెండూ కలిపి కుట్టిన ఒక క్యాలెండర్ ఉంది. 2024 వేసవిలో ‘ఎలక్షన్లు అయిపోనీ సార్’ అన్నాడు. అయిపోయాయి. ‘ఆషాఢంల ఎవ్వరు కొంటరు సార్, శ్రావణం రానియ్యండ్రి’ అన్నాడు. శ్రావణం వచ్చింది, దాంతోపాటు చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా బుల్డోజర్ కూడా వచ్చింది. ఆగస్టు 24న మాదాపూర్‌లో ఎన్ కన్వెన్షన్‌ని కూల్చారు. ఆ దుమ్ము కౌకూర్ దాకా ఎగిరింది. ఇల్లు చూడటానికొచ్చిన ఒక జంట లోపలికి కూడా రాకుండా గేటు ముందు నిలిచిన నీళ్లని చూసి ‘ఇది చెరువు ఎఫ్‌టీఎల్లా, బఫర్ జోనా?’ అని అడిగారు. ‘పైపు కోసం తవ్వి వదిలేసిన గుంతమ్మా’ అని బావగారు చెప్పినా వినలేదు. చెరువుల్ని కాపాడటం మంచి పనే. దాని పుణ్యమా అని నగరంలో ప్రతి గుంతకీ చెరువు హోదా దక్కింది.

తర్వాత పుష్యమాసం. తర్వాత మూఢం. 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా ఉద్యోగుల్ని తగ్గించుకుంటామంది. ‘సాఫ్ట్‌వేరోళ్లు భయపడ్తుండ్రు సార్’. సెప్టెంబరులో ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు పెట్టాడు. డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో వంటిల్లు, బాత్‌రూమ్, నీళ్ల ట్యాంకు అన్నీ చూసి ‘ఓకే అంకుల్’ అన్న కుర్రాడు మర్నాటి నుంచి ఫోనెత్తడం మానేశాడు. వాషింగ్టన్‌లో సంతకం పడితే కౌకూర్‌లో అడ్వాన్సు ఆగింది. ప్రపంచం చిన్నదైపోయిందని మనవాళ్లు ఊరికే అనరు.

స్వయంగా వచ్చి చూసినవాళ్ల కథ వేరు. ఒకాయన మామగారితో సహా వచ్చాడు. మామగారు చెప్పులు విప్పకముందే ఫోన్‌లో దిక్సూచి తీశారు. హాల్ మధ్య నిలబడి ఒక చుట్టు తిరిగి, ఈశాన్యం రెండు డిగ్రీలు జరిగిందన్నారు. ఫ్రిజ్ పక్కనుంచి చూస్తున్నారు, అయస్కాంతం లాగుతుందేమో ఇవతలికి రండని అక్క చెప్పింది. ఆయనకి కోపం వచ్చింది. అల్లుడు గోడలన్నీ వేలితో కొట్టి విన్నాడు, ఏం వినపడిందో చెప్పలేదు. ఆ తర్వాత కాగితాలు. లింక్ డాక్యుమెంట్లు, 30 ఏళ్ల ఈసీ, పర్మిషన్ ప్లాను, పన్ను రసీదు. అన్నీ చూపించాక, ‘పక్కన ఆర్మీ స్థలముంది కదా, వాళ్ల ఎన్‌ఓసీ ఉందా?’ అన్నాడు. సైనిక స్థావరాల పక్క కట్టడాలకి ఆ పత్రం కావాలని రక్షణ శాఖ చెప్పింది 2011లో, దూరాలు సడలించింది 2016లో. బావగారి ఇల్లు అంతకుముందే లేచింది. జీవితమంతా ఆర్మీలో గడిపిన మనిషిని ఆర్మీకి అభ్యంతరం లేదని రాయించుకు రమ్మనడంతో ఆయన బీపీ మాత్ర ముందే వేసుకున్నారు.

దారుల సంగతి కూడా అడుగుతారు. ఆర్మీ మూసేసిన కంటోన్మెంట్ రోడ్లు తెరవమని 2018 మేలో అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ ఆదేశించారు. కొన్ని తెరుచుకుని మళ్లీ మూతపడ్డాయి. అందుకే ఏజెంటు ఉన్న రోడ్డు గురించి మాట్లాడడు, రాబోయేదాని గురించి చెబుతాడు. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు ఎలివేటెడ్ కారిడార్‌కి 2024 మార్చిలో శంకుస్థాపన అయింది. జేబీఎస్ నుంచి శామీర్‌పేటకి, ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కి మెట్రో వేస్తామని 2025 జనవరి 1న ప్రకటించారు. ‘మెట్రో వస్తే డబుల్ సార్’ అని అమ్మేవాడికి చెబుతాడు. బావగారు అది విని రేటు దించరు. అదే నోటితో ‘ఇంక తగ్గుతది సార్, ఆగుండ్రి’ అని కొనేవాడికి చెబుతాడు. ఆయన ఆగుతాడు. ఇద్దరికీ సలహా ఇచ్చి ఇద్దర్నీ ఆపగలిగినవాడికే ఈ మార్కెట్‌లో గిరాకీ.

అందరూ డల్‌లో ఉంటే ప్రభుత్వం ఏం చేస్తోంది? అది మాత్రం ఎప్పుడూ చురుగ్గానే ఉంటుంది. 2021 జులై 22 నుంచి రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 6 శాతం నుంచి 7.5 శాతమైంది, స్థలాల మార్కెట్ విలువలూ పెరిగాయి. ఏడు నెలలు తిరక్కుండానే, 2022 ఫిబ్రవరి 1న, ఆ విలువలు మళ్లీ పెరిగాయి. కోటి రూపాయల ఇల్లు కొంటే ఏడున్నర లక్షలు సర్కారుకి. కరోనా కాలంలో మహారాష్ట్ర స్టాంప్ డ్యూటీని 5 శాతం నుంచి కొన్ని నెలలపాటు 2 శాతానికి దించితే ముంబై రిజిస్ట్రేషన్ ఆఫీసుల ముందు జనం బారులు తీరారు. మన దగ్గర ప్రభుత్వం కూడా మా బావగారి బాటే. అమ్మకాలు ఆగితే రేటు పెంచుతుంది.

నల్లడబ్బు ముచ్చట కూడా ఉంది. ‘వైట్ ఎంత చూపియ్యాలె సార్?’ అన్నాడు ఏజెంటు, చాయ్‌లో ఎన్ని చెంచాల చక్కెర అన్నంత మామూలుగా. ఇల్లు, స్థలం అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంత సొమ్మూ జరిమానా కట్టాలని 2015 జూన్ నుంచి చట్టం ఉంది. లోన్ తీసుకునేవాడేమో అంతా చెక్కే అంటాడు. చెక్కు వద్దనేవాడికి లోన్‌వాడు దొరకడు, నగదున్నవాడు కౌకూర్ దాకా రాడు.

ఇన్నాళ్లకి ఒక్క ఖాయమైన బేరం వచ్చింది. స్థలం, ఇల్లు కలిపి 1 కోటి 30 లక్షలు, అంతా చెక్కు. ‘అరవై ఏళ్లు దాటాక నన్ను ఎవరూ ఇంత అవమానించలేదు’ అన్నారు బావగారు. నేనూ పెన్సిల్ తీశాను. ఆ సొమ్ము ఆరున్నర శాతానికి బ్యాంకులో వేసినా ఏడాదికి 8 లక్షల 45 వేలు. కింది పోర్షన్ అద్దె నెలకి 14 వేల చొప్పున ఏడాదికి 1 లక్షా 68 వేలు. అంటే వద్దన్న ప్రతి ఏడాదీ దాదాపు 6 లక్షల 77 వేలు ఆ గేటులోంచి నడిచి వెళ్లిపోతున్నట్టే. ‘పోనీలే, రేటు తగ్గలేదుగా’ అన్నారాయన.

కాబట్టి గేటుకి బోర్డు కట్టినవారందరికీ ఒక మాట. వేలంపాట ఎకరాన్ని మీ గజాలతో భాగించకండి. పక్కింటాయన చెప్పే రేటు ఆయన కోరిక, మీ ఆస్తి విలువ కాదు. మీ వీధిలో ఇటీవల రిజిస్ట్రేషనైన ఇంటికి బ్యాంకు వాల్యుయర్ ఎంత విలువ కట్టాడో కనుక్కోండి. అది మీ రేటుకి దగ్గర. నచ్చితే అమ్మండి. నచ్చకపోతే బోర్డు పీకేసి, గోడలకి రంగులేయించుకుని హాయిగా ఉండండి. ప్రభుత్వమూ రిజిస్ట్రేషన్ ఖర్చు ఓ ఏడాది తగ్గించి చూస్తే దాని ఖజానాకే మంచిది. ఇవేవీ చేయనివాళ్లకి మార్కెట్‌ని తిట్టే హక్కు లేదు.