సభకు నమస్కారం

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీలు ఒకేరోజు గ్రామసభ జరుపుకున్నాయి. ఉపాధి హామీ పనులకు ఊరివాళ్ల ఆమోదం తీసుకోవడానికి. దానికి ప్రపంచ రికార్డు కూడా వచ్చింది. రావలసిందే. పదమూడు వేల పైచిలుకు ఊళ్లలో ఒకే రోజు మైకులు మోగడం మాటలా? రికార్డు ఇచ్చినవాళ్లు సభల్ని లెక్కపెట్టారు. ఆ సభల్లో వేదిక కింద కూర్చున్నవాళ్లు ఎంతసేపు మాట్లాడారో లెక్కపెట్టినట్టు లేదు. లెక్కపెడితే మౌనంలో ఇంకో రికార్డు మన ఖాతాలో పడేదేమో.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం, ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ గ్రామసభ సభ్యులే. అధికారులు అతిథులు, ఊరివాళ్లు సొంతదారులు. తెలంగాణ 2018 చట్టమైతే రెండు నెలలకోసారి సభ పెట్టి తీరాలంది. రాజ్యాంగం అంత నమ్మకంగా రాసుకుంది గానీ, ఆ రాసిన పెద్దలెవరూ మన ఊళ్లో షామియానా కింద కూర్చున్నట్టు లేదు.

కూర్చుని ఉంటే తెలిసేది. పదింటికి సభ అని ముందురోజు చాటింపు వేస్తారు. పదకొండున్నరకు మైకు వస్తుంది, పన్నెండుకు పెద్దలొస్తారు. వేదిక మీద కుర్చీ కోసం జరిగే సంప్రదింపులే ఆ రోజు మొత్తానికి జరిగే అసలైన సంభాషణ. తర్వాత జ్యోతి ప్రజ్వలన. గాలికి దీపం ఆరితే మళ్లీ వెలిగిస్తారు, ఫొటో సరిగ్గా రాకపోతే మళ్లీ వెలిగిస్తారు. శాలువాలు. వేదికను అలంకరించిన పెద్దలందరికీ పేరుపేరునా నమస్కారాలు. వెయ్యిమంది ఓటర్లున్న ఊళ్లో వందమంది వస్తే అది జయప్రదమైన సభ. ఆ వందలో సగం పనిలోంచి పిలుచుకొచ్చిన ఉపాధి కూలీలు. ఎండన పడి మట్టి తవ్వేవాళ్లకు నీడన కూర్చునే అవకాశం కల్పించడమే ఈ సభల వల్ల కనిపించే మొదటి ప్రయోజనం అని ఒప్పుకోవాలి.

ఇంతలో వెనకనుంచి ఎవరో ఒక పెద్దావిడ లేస్తుంది. లేవకుండా ఉండదు.

"అయ్యా, మా వీధి కాలవ..."

"పెద్దమ్మా, కూచో. సారు మాట్లాడతన్నారు."

"సారు మాట్లాడినాకే అడుగుదామని కూచున్నా నాయనా. ఆయన ఆపట్లా."

అందరూ నవ్వుతారు. సారు కూడా నవ్వుతారు, ఎందుకంటే ఆయన ప్రజల మనిషి. "ఆమె సమస్య రాసుకోండయ్యా" అంటారు. రాసుకుంటారు. సమయాభావం వల్ల మిగతా సమస్యలను అర్జీల రూపంలో ఇవ్వవలసిందిగా కోరి, వందన సమర్పణకు ఇరవై నిమిషాలు తీసుకుంటారు. తీర్మానాల పుస్తకంలో మాత్రం "కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఉంటుంది. కొన్ని ఊళ్లలో ఆ వాక్యం సభకు ముందురోజే రాసిపెట్టుకుంటారు. దూరదృష్టి అంటే అదే.

సభలో మాట దక్కనివాళ్లకు సోమవారం ఉంది. ప్రభుత్వం మారితే దానికి పేరు మారుతుంది. ఒకప్పుడు మీ కోసం, ఒకప్పుడు స్పందన, అవతల తెలంగాణలో ప్రజావాణి. వారం మాత్రం మారదు. కలెక్టరేట్ ముందు వరసలో నిలబడి, పక్కన చెట్టు కింద కూర్చున్నాయన చేత అర్జీ రాయించుకుని ఇస్తే, రసీదు వస్తుంది, ఫోనుకు సందేశం వస్తుంది. ఆ తర్వాత ఒకరోజు "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఇంకో సందేశం వస్తుంది. కాలవ అలాగే ఉంటుంది గానీ, కంప్యూటర్లో మాత్రం పారుతుంది.

ఇక పట్నం మేధావులు. ఊళ్లలో జనం సరిగ్గా మాట్లాడుకోవడం లేదని వీళ్లకు బెంగ. అందుకని స్టార్ హోటల్లో రెండు రోజుల వర్క్‌షాప్ పెడతారు. పచ్చచీటీ మీద ఆశ, గులాబీచీటీ మీద భయం రాసి గోడకు అంటించాలి. పక్కవాడి కళ్లలోకి మూడు నిమిషాలు చూసి, వాడు చెప్పింది వాడికే తిరిగి చెప్పాలి. దాన్ని 'యాక్టివ్ లిజనింగ్' అంటారట. మా ఊళ్లో బావి దగ్గర ఆడవాళ్లకు ఈ విద్య ఎవరూ నేర్పకుండానే వచ్చేది. ఒకావిడ చెప్పింది ఇంకో ఆవిడ సాయంత్రానికల్లా ఊరంతటికీ తిరిగి చెప్పేది, కొంచెం మెరుగుపరిచి.

జనం మాట్లాడుకుంటే ఏమవుతుందో తెలియకనే ప్రభుత్వాలు సభలను ఇలా నడుపుతున్నాయని కొందరు అమాయకులు అనుకుంటారు. తెలిసే చేస్తున్నాయి. ఒకసారి చేయి కాలింది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో 'అక్షరదీపం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. సర్కారు కార్యక్రమమే. పగలంతా కూలిచేసిన ఆడవాళ్లు రాత్రిపూట దీపం ముందు చేరి పలక పట్టారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం పెట్టారు, తాగుబోతు మొగుడి వల్ల బతుకు చితికిపోయిన ఇల్లాలి కథ. చదివి ఊరుకుంటే గొడవే లేకపోయేది. పాఠం మీద మాట్లాడుకోవాలని పద్ధతి పెట్టారు, అక్కడ వచ్చింది చిక్కు. సీతమ్మ మొగుడి దగ్గర మొదలైన మాట తమ మొగుళ్ల దగ్గరకు, వాళ్ల కూలి డబ్బుల దగ్గరకు, అక్కణ్నుంచి సారా దుకాణం దగ్గరకు, దాని వేలంపాట ఎవరు పాడారన్న దగ్గరకు, పాట పెట్టింది ఎవరన్న దగ్గరకు వచ్చింది. అక్షరాలు నేర్పితే వీళ్లు సంతకం పెడతారనుకున్నారు. వీళ్లు లెక్క అడిగారు.

అప్పటికి రాష్ట్రంలో సారా పాకెట్లలోకి మారి ఏళ్లయింది. 'వారుణి వాహిని' అని ఆ సర్కారు సారా పథకానికి ముద్దుపేరు. తాగే నీళ్లు రాని ఊరికి కూడా అది ఠంచనుగా వచ్చేది. కలిగిరి మండలం దూబగుంటలో వర్థినేని రోశమ్మా ఆమె తోటి ఆడవాళ్లూ ఆ సారా ఊళ్లోకి రాకుండా అడ్డుపడ్డారు. దూబగుంట సంగతి పక్క ఊళ్లకు పాకింది. వాళ్లకు వేదిక లేదు, మైకు లేదు, అధ్యక్షులు లేరు. వందన సమర్పణ ఎవరికి చేయాలో కూడా తెలియదు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. కలెక్టర్లు, పోలీసులు, కాంట్రాక్టర్లు ఒకవైపు. చీపుర్లు, కారప్పొడి ఒకవైపు. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ఏకంగా సంపూర్ణ మద్య నిషేధమే తెచ్చారు.

ఒక రాత్రిబడిలో పదిమంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని మాట్లాడుకున్నందుకు ఖజానాకు పడిన శిక్ష ఇది. ఆ తర్వాత ఎంత తెలివితక్కువ ప్రభుత్వానికైనా బుద్ధి రాదా? జనాన్ని గుండ్రంగా కూర్చోనివ్వకూడదు, వరసల్లో కూర్చోబెట్టాలి. అందరి ముఖాలూ ఒకవైపే ఉండాలి, ఆ వైపు మైకుండాలి. 1997లో జన్మభూమి పేరుతో సభలు ఊరూరా హోరెత్తాయి. అదే ఏడు మద్య నిషేధమూ పోయింది. ఎత్తేయమని ఏ ఊరి ఆడవాళ్లు తీర్మానం చేశారో ఆ పుస్తకం ఎవరైనా చూపిస్తే నేనూ సంతకం పెడతాను.

మధ్యలో ఇంకో పొరపాటు జరిగింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. వెంటనే ఉమ్మడి రాష్ట్రం సామాజిక తనిఖీ అనే పని కూడా తలకెత్తుకుంది. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకే పని హాజరు మస్టర్లు ఇచ్చి, వేరే ఊళ్లకు పంపి, ఇంటింటికీ తిప్పారు. "అక్కా, ఇందులో నీకు ముప్పై రోజుల కూలి ఇచ్చినట్టుంది, నిజమేనా?" అంటే, "నేను వెళ్లింది ఆరు రోజులే అబ్బాయ్" అని గుమ్మంలోనే తేలిపోయేది. చచ్చిపోయినవాళ్లు చెరువు పూడిక తీసిన వైనాలూ బయటపడ్డాయి. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారి ఎదుటే పేర్లు, రోజులు, రూపాయలు పైకి చదివేవారు. ఇక్కడా సభే, ఇక్కడా మైకే. కానీ ఏం మాట్లాడాలో ముందే తెలిసినవాళ్లు కింద కూర్చోవడంతో, పైన కూర్చున్నవాళ్లకు చెమటలు పట్టేవి. అదృష్టవశాత్తూ తిన్నట్టు తేలిన సొమ్ము ఎక్కువ, తిరిగి వసూలైంది తక్కువ. లేకపోతే జనానికి ఈ అలవాటు ముదిరిపోయేది.

ఇప్పుడు అంతా సర్దుకుంది, మద్యంతో సహా. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ 3,396 మద్యం దుకాణాలకు లాటరీ తీసింది. 89,882 దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుకు రెండు లక్షలు, తగిలినా తగలకపోయినా తిరిగిరావు. ఒక్క సీసా మూత తీయకముందే 1,797 కోట్లు వచ్చిపడ్డాయి. దూబగుంటలో రాత్రిబడి పెట్టిన ప్రభుత్వానికీ దీనికీ ఎంత తేడా! దుకాణం కావాలనేవాళ్ల మాట వినడానికి దరఖాస్తుకు రెండు లక్షలు పుచ్చుకుంది. వద్దనేవాళ్ల మాట వినడానికి రుసుము ఎంతో ఇంకా నోటిఫికేషన్ రాలేదు.