బోర్డు పోయిందన్నారు

నన్ను చూసినవాళ్లు తక్కువ. వాషింగ్ మిషన్ మీద మీరు నొక్కే బటన్లు ఉన్నాయే, వాటి వెనకాలే నా కాపురం. నీళ్లు వదలాలన్నా, మోటారు తిరగాలన్నా, మురికినీళ్లు బయటికి పోవాలన్నా నా ఆజ్ఞ కావాలి. గోడ ప్లగ్గులోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును డీసీ చేసి, రిలేలకు 12 వోల్టులు, మెదడులాంటి మైక్రోకంట్రోలర్‌కు 5 వోల్టులు పంచేదాన్ని. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో నాకే గుర్తులేదు, మీకెందుకు?

కరెంటు లోపలికొచ్చే దారిలో నాకిద్దరు కాపలాదార్లు. ఒకటి గాజుగొట్టం ఫ్యూజు. రెండోది ఎంఓవీ అనే నీలం బిళ్ల. వోల్టేజి మామూలుగా ఉన్నంతకాలం ఆ బిళ్ల ఉలకదు, పలకదు. హద్దు మీరిందా, కరెంటునంతా తన మీదికి లాక్కుంటుంది. దాంతో ఫ్యూజు తెగుతుంది. వెనకున్నవాళ్లం బతుకుతాం.

ఒక వానాకాలం రాత్రి మా వీధిలో న్యూట్రల్ తీగ తెగింది. అలా తెగితే ఒక్కోసారి ఇంట్లోకి 400 వోల్టుల దాకా దూసుకొస్తాయి. నీలం బిళ్ల నల్లగా మాడి రెండుగా చీలింది, ఫ్యూజు తెగింది. నాకు మాత్రం చిన్న గాయమైనా కాలేదు. కాపలా అంటే అదీ!

మర్నాడు మెకానిక్ వచ్చాడు. చీలిన బిళ్లను కటింగ్ ప్లయర్‌తో పుటుక్కున కత్తిరించి పారేశాడు. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగితీగ చుట్టాడు. ‘‘ఇంక ఫ్యూజు పోతుందనే బెంగ లేదమ్మా’’ అని డబ్బులు తీసుకుని వెళ్లాడు. నిజమే, లేని ఫ్యూజు ఎలా పోతుంది?

మిషన్ తిరిగింది కాబట్టి ఇంట్లో అందరికీ సంతోషం. నాకే దినదినగండం. చివరికి కరెంటు మళ్లీ ఎగసిపడిన రోజు అడ్డుకునే దిక్కులేక, వోల్టులు తగ్గించే పని చూసే స్విచింగ్ ఐసీ అనే చిప్ ఢామ్మని పేలింది. పక్కనున్న రాగి ట్రాక్ బూడిదైంది. అదే మనిషి మళ్లీ వచ్చాడు. సంచిలోంచి మీటరైనా తీయలేదు. నన్ను వాసన చూసి, ‘‘బోర్డు పోయిందమ్మా, కొత్తది వెయ్యాల్సిందే’’ అన్నాడు. ధర విని ఇల్లాలు తలుపేసుకుంది.

అప్పట్నుంచి మిషన్ బాల్కనీలో బల్ల అయింది. మూత మీద ఉల్లిపాయల బుట్ట, తడి బకెట్, పాత పేపర్లు. వానజల్లు కొడితే తుడిచే నాథుడు లేడు. చలికాలంలో ఒక బల్లి లోపలికొచ్చి నా పక్కనే కాపురం పెట్టింది. దాన్నీ తప్పుపట్టలేను, నన్ను పలకరించిన ప్రాణి అదొక్కటే. ఇంట్లోవాళ్లు బట్టలు చేత్తో ఉతుక్కుంటూ నన్ను తిట్టుకునేవారు. రాగితీగ చుట్టినవాణ్ని ఎవరూ ఒక్క మాట అనలేదు.

పాత సామాన్లవాడు బేరం కుదుర్చుకునే లోపు, పాలిటెక్నిక్ చదివే ఆ ఇంటి అబ్బాయి నన్ను విప్పి, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి పట్టుకెళ్లాడు. అక్కడి పెద్దాయన కళ్లద్దాలు పైకి తోసి చూశాడు. ‘‘ఈ తీగ ఎవరు పెట్టిండ్రు తమ్మీ?’’ నా బతుకులో ఎవరైనా అడిగిన మొదటి సరైన ప్రశ్న అది.

తేమ తగలకుండా నా మీద పోసిన పూతను వేడిగాలితో మెత్తబరిచి, పుల్లతో ఓపిగ్గా గీకాడు. 100 వాట్ల పాతకాలపు బల్బును నాకు సిరీస్‌లో కలిపి స్విచ్ వేశాడు. బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోయింది. లోపల షార్ట్ ఉందని దానర్థం. మీటరు పెట్టి ఒక్కో కాలూ తడిమితే స్విచింగ్ ఐసీ దగ్గర బీప్ మంది. దాన్ని పీకి కొత్తది వేశాడు. ఉబ్బిన కెపాసిటర్‌నూ మార్చి, కాలిన ట్రాక్ మీదుగా వైరు అతికించాడు. మళ్లీ స్విచ్ వేస్తే ఈసారి బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. మీటరు మీద 12, తర్వాత 5. కొత్త నీలం బిళ్ల, గాజు ఫ్యూజు పెట్టాకే నన్ను అబ్బాయి చేతికిచ్చాడు. ఆ భాగాలన్నిటి ఖరీదూ కలిపినా కొత్త బోర్డు ధరలో ఏ మూలకూ రాదు.

ఇప్పుడు మళ్లీ రోజూ బట్టలుతికిస్తున్నాను. మీ ఇంటికొచ్చిన మెకానిక్ ఎవరైనా బోర్డు పోయిందంటే, బోర్డులో ఏం పోయిందని ఒక్క మాట అడగండి. జవాబు రాకపోతే, కొత్తది వేయించుకున్నా సరే, పాత బోర్డును మాత్రం వాళ్ల సంచిలోకి వెళ్లనివ్వకండి.