రిక్ హోయ్ట్ పరుగు కుర్చీ ఆత్మకథ

పరుగు కుర్చీకి మూడు చక్రాలు. వెనక రెండూ సైకిలు చక్రాల్లాంటివి, ముందుది కాస్త చిన్నది. వాటి మధ్య ఒక మనిషి వీపుకూ నడుముకూ కొలత తీసి చేసిన సీటు, పాదాలు ఆనించుకునే పట్టీ, వెనక తోసేవాడి చేతికందే పిడి, ఆ పిడికే బ్రేకు. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్న కుర్చీది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం. అందులో కూర్చున్నవాడు రిక్ హోయ్ట్, తోసినవాడు అతని తండ్రి డిక్ హోయ్ట్. దశాబ్దాల పరుగులో చట్రాలు మారాయి, లెక్కలేనన్ని టైర్లు అరిగాయి. అయినా కుర్చీ తనను ఒక్కటిగానే చెప్పుకుంటుంది, కూర్చున్న మనిషి మారలేదు గనుక. 2023 మే 22న, 61 ఏళ్ల వయసులో, శ్వాసకోశ సమస్యలతో రిక్ కన్నుమూశాడు. చెప్పవలసినదంతా అప్పటికే జరిగిపోయింది కాబట్టి, కుర్చీ ఇక వరసగా చెప్పుకురావచ్చు.

కుర్చీ వంశం పాతది. 1655లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో స్టెఫాన్ ఫార్ఫ్లర్ అనే గడియారాల పనివాడు, నడవలేని తన కోసం తానే, చేతులతో తిప్పుకునే మూడు చక్రాల బండి చేసుకున్నాడు. 1933 ప్రాంతంలో హెర్బర్ట్ ఎవరెస్ట్, హ్యారీ జెన్నింగ్స్ అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు ఉక్కు గొట్టాలతో మడతపెట్టే కుర్చీ తయారుచేశారు. అది కారులో పట్టింది. దాంతో మనిషి ఇంట్లోంచి బయటికి రాగలిగాడు. 1948 జులై 29న ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రి ఆవరణలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ వెన్నుపూస దెబ్బతిన్న 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. పారాలింపిక్స్ పుట్టుక అక్కడే. 1975లో బాబ్ హాల్ తన కుర్చీని తన చేతులతోనే తోసుకుంటూ బోస్టన్ మారథాన్‌ను 2 గంటల 58 నిమిషాల్లో ముగించాడు. మూడు గంటల లోపు వస్తే గుర్తిస్తామని నిర్వాహకులు ముందే మాట ఇచ్చారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు.

ఈ వంశంలో ఒక శాఖ గోదావరి డెల్టాకూ వచ్చింది. కాన్పూరులో 1972లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ అలింకో తయారుచేసే చేతి పెడళ్ల మూడు చక్రాల సైకిళ్లు, శిబిరాల్లో పంపిణీ అయి, కాలవగట్ల మీదా సంతల్లోనూ తిరుగుతుంటాయి. డెల్టా చక్రానికి అనుకూలమైన నేల. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా వాలు, కాలవనీరు దానంతటది పారడానికి సరిపడినంతే. చక్రానికి ఇబ్బంది మరోచోట: వానాకాలం పుంతల బురద, లాకుల దగ్గర వంతెన ఎక్కుడు, రేవు మెట్లు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఎక్కాలంటే రేవు వాలు దిగాలి, బల్ల మీదుగా బండిని పైకి లాగాలి. అక్కడ సైకిలు మీదున్నవాడి చేతులు ఎంత గట్టివైనా ఇంకో ఇద్దరి చేతులు కావాల్సిందే. గోదావరి జిల్లాల సరిహద్దుకు దగ్గర్లోని సత్తుపల్లిలో పుట్టి, పసితనంలోనే పోలియో బారినపడిన మాధవీలత పెద్దయ్యాక ఈతలో జాతీయ స్థాయి పతకాలు సాధించింది. దేశంలో వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌కు సమాఖ్యను నిలబెట్టింది. ఆమె ఆటలో కుర్చీని తిప్పేది ఆటగాళ్ల చేతులే.

రిక్ చేతులు అతని మాట వినేవి కావు. అతని కుర్చీ మిగతా దాయాదుల నుంచి వేరుపడేది ఇక్కడే. 1962 జనవరి 10న పుట్టినప్పుడు బొడ్డుతాడు మెడకు చుట్టుకుని మెదడుకు ఆక్సిజన్ అందలేదు. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ వచ్చింది; మాట రాలేదు. పిల్లాణ్ణి ఏదైనా సంస్థలో వదిలేయమని తల్లిదండ్రులకు వైద్యులు సలహా ఇచ్చారు. డిక్, జూడీ వినలేదు. గదిలో తాము ఎటు కదిలితే అటు పిల్లవాడి కళ్లు తిరుగుతున్నాయని వాళ్లు గమనించారు. వాళ్లకు ఆ రుజువు చాలింది. జూడీ ఇంట్లోనే అక్షరాలు నేర్పింది. మాట్లాడే యంత్రం ఏదైనా చేసిపెట్టమని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లను అడగడానికి వెళ్తే, పిల్లవాడి తలలో ఏమీ జరగడం లేదన్న సందేహం ఆ ఇంజనీర్లకు వచ్చింది. ఒక జోకు చెప్పి చూడండి అన్నారు తల్లిదండ్రులు. చెప్పారు. రిక్ నవ్వాడు. తర్వాత చేసిన యంత్రంలో తెర మీద అక్షరాలు వరసగా వెలుగుతూ పోతాయి. కావలసిన అక్షరం రాగానే రిక్ తల పక్కనున్న మీట నొక్కాలి. ఒక్కో అక్షరం అలా ఏరుకుంటేనే ఒక మాట. ఇంట్లో అందరూ అతని మొదటి మాట అమ్మ అనో నాన్న అనో పందెం కాసుకుంటుంటే, అతను బోస్టన్ ఐస్ హాకీ జట్టుకు జై కొట్టాడు. అది 1972. ఆటలంటే అతనికున్న ఇష్టం పరుగుతో మొదలైనది కాదు, పదేళ్ల వయసుకే ఉంది. ఈ సంగతి కుర్చీ గట్టిగా చెబుతుంది, ఎందుకంటే తర్వాత చాలామంది తండ్రి పట్టుదలను చూసి కొడుకు ఇష్టాన్ని చూడకుండా వదిలేశారు.

1977లో, ఒక ప్రమాదంలో పక్షవాతం వచ్చిన ఆటగాడి సహాయార్థం ఎనిమిది కిలోమీటర్ల పరుగు పెడుతున్నారని రిక్‌కు తెలిసింది. తానూ పాల్గొంటానన్నాడు. డిక్‌కు అప్పటికి 36 ఏళ్లు. దూరపు పరుగు అలవాటు లేదు. మామూలు చక్రాల కుర్చీనే తోస్తూ ఆసాంతం పరిగెత్తాడు. ఆఖరివాళ్లకు ఒక్క మెట్టు ముందు వచ్చారు. ఆ రాత్రి రిక్ తన యంత్రం మీద ఒక్కో అక్షరమే ఏరి తండ్రికి చెప్పిన మాట ఇది: పరుగులో ఉన్నప్పుడు తనకు వైకల్యం ఉన్నట్టే అనిపించదని. తండ్రికి ఒళ్లునొప్పులు చాలా రోజులు తగ్గలేదు. అయినా ఆ మాట విన్నాక ఆగిపోవడం కుదరలేదు.

పరుగు కుర్చీ పుట్టింది ఈ అవసరం నుంచే. మామూలు కుర్చీ ముందున్న రెండు చిన్న చక్రాలు ఎటైనా తిరిగేలా ఉంటాయి. నడకకు, ఇంట్లో మలుపులకు అది సుఖం. పరుగు వేగం అందుకోగానే ఆ చక్రాలు గడగడా వణికి పక్కకు లాగుతాయి, చిన్న గుంట వస్తే ఇరుక్కుపోతాయి. పరుగు కుర్చీలో ముందు చక్రం ఒకటే, ఎటూ తిరగకుండా నిటారుగా బిగించి ఉంటుంది. మలుపు తిప్పాలంటే తోసేవాడు పిడిని కొద్దిగా కిందికి నొక్కుతాడు; ముందు చక్రం రోడ్డు మీంచి వేలెడెత్తు లేస్తుంది; అప్పుడు కుర్చీని పక్కకు తిప్పి దించుతాడు. ఎక్కుడులో తోసేవాడు ముందుకు వంగి బరువంతా చేతుల్లోకి తెచ్చుకోవాలి. దిగుడులో బ్రేకు మీద వేళ్లు ఉండాల్సిందే. వారంలో రిక్ బడిలో ఉన్న రోజుల్లో డిక్ కుర్చీలో సిమెంటు బస్తా పెట్టుకుని సాధన చేసేవాడు. బస్తాతో తోసిన దూరాలు కుర్చీకి గుర్తే. బస్తా బరువు మాత్రమే. రిక్ ఉన్నప్పుడు ఆ బరువుకు ఒక గమ్యం ఉండేది.

బోస్టన్ మారథాన్ దగ్గర వాళ్ల దరఖాస్తుకు చోటు కుదరలేదు. చేతులతో తామే తోసుకునే కుర్చీల విభాగంలో రిక్ చేరడు. కాళ్లతో పరిగెత్తేవాళ్ల విభాగంలో కుర్చీ చేరదు. కాబట్టి 1980ల మొదట్లో నంబరు లేకుండానే పరిగెత్తారు. ఆ తర్వాత ఒక షరతు వచ్చింది: అర్హతకు తండ్రి వయసు కాదు, కొడుకు వయసు చూస్తామని. అప్పటికి నలభై దాటిన డిక్, ఇరవైల్లోని కుర్రాళ్లకు పెట్టిన 2 గంటల 50 నిమిషాల గడువు లోపల, కుర్చీ తోస్తూ, మారథాన్ ముగించాలి. వాషింగ్టన్‌లో జరిగే మెరైన్ కోర్ మారథాన్‌లో ఆ గడువు దాటకుండా ముగించి చూపారు. తలుపు తెరుచుకుంది. షరతు కఠినమైనదే. అయినా అందులో ఒక న్యాయం తెలియకుండానే దొరికింది: కొడుకు వయసును లెక్కలోకి తీసుకున్నారంటే, కూర్చున్నవాడే పోటీదారు అని ఒప్పుకున్నట్టే.

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. రాజమండ్రి, కొవ్వూరు మధ్య 1974లో తెరిచిన రోడ్డు కం రైలు వంతెనను ఈ చివరి నుంచి ఆ చివరికి పదిసార్లు దాటినా ఇంకా కొంత మిగులుతుంది. గోదావరి వంతెన మీద ఎక్కుడుదిగుళ్లు లెక్కలోకి రావు. బోస్టన్ దారిలో ముప్ఫై రెండు కిలోమీటర్లు దాటాక, ఒంట్లో శక్తి అయిపోయే వేళకు, గుండెలదరగొట్టే హార్ట్‌బ్రేక్ హిల్ అనే మిట్ట వస్తుంది. సగం దారిలో వెల్స్‌లీ కళాశాల అమ్మాయిల కేకలు రిక్‌కు మహా ఇష్టం. పరుగెత్తేవాడికి ఒంట్లో వేడి పుడుతుంది, కూర్చున్నవాడికి పుట్టదు. ఏప్రిల్ చలిగాలిలో, ఒక్కోసారి వానలో, కండరాలు బిగుసుకుపోయే ఒంటితో గంటల తరబడి ఒకే సీటులో ఉండటం రిక్ పడిన శ్రమ. బయటినుంచి చూసేవాళ్లకు అది కనిపించేది కాదు. కుర్చీకి తెలుసు, ఆ ఒంటి బిగువంతా సీటు మీదికే వచ్చేది గనుక.

మారథాన్‌లో వాళ్ల అత్యుత్తమ సమయం 2 గంటల 40 నిమిషాల 47 సెకన్లు, 1992లో. కుర్చీ లేకుండా ఒంటరిగా పరిగెత్తితే ఎంత వేగం వస్తుందో చూసుకోకూడదా అని డిక్‌ను చాలామంది అడిగారు. ఒప్పుకోలేదు. తాను రిక్‌కు కాళ్లూ చేతులూ అరువిస్తున్నానే తప్ప పరుగు రిక్‌దే అన్నాడు. దీన్ని తండ్రి వినయంగా కొట్టిపారేయకూడదు. పోటీకి వెళ్దామన్న మొదటి మాట కొడుకుది. మొదటి పరుగు అయ్యాక మళ్లీ వెళ్లడానికి కారణం కూడా కొడుకు చెప్పిన మాటే.

1985 నుంచి ట్రయాథ్లాన్లు. డిక్‌కు అప్పటికి ఈత రాదు. చిన్నప్పటి తర్వాత సైకిలు ఎక్కలేదు. రెండూ నేర్చుకున్నాడు. నీళ్లలో రిక్ రబ్బరు పడవలో పడుకుంటే, పడవ తాడు డిక్ ఒంటికి కట్టి ఉండేది. సైకిలుకు ముందుభాగంలో రిక్‌కు సీటు. ఈత, సైకిలు అయ్యాక చివరి పరుగుకు మాత్రం ఈ కుర్చీ. హవాయిలో జరిగే ఐరన్‌మ్యాన్‌లో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన పూర్తి మారథాన్. 1988లో ఈత గడువు దాటిపోయి వెనుదిరిగారు. మరుసటి సంవత్సరం వెళ్లి పూర్తిచేశారు. 1992లో అమెరికా ఖండాన్ని పడమటి తీరం నుంచి బోస్టన్ దాకా, ఆరు వేల కిలోమీటర్ల దూరం, సైకిలు మీదా పరుగుతోనూ 45 రోజుల్లో దాటారు. మొత్తం మీద వాళ్ల పోటీలు వెయ్యి దాటాయి. అందులో మారథాన్లు 72, ఐరన్‌మ్యాన్లు 6, ఒక్క బోస్టన్ మారథానే 32 సార్లు.

పోటీల మధ్యలో రిక్ చదువుకున్నాడు. 1993లో బోస్టన్ విశ్వవిద్యాలయం నుంచి ప్రత్యేక విద్యలో పట్టా తీసుకున్నాడు. ఆ తర్వాత బోస్టన్ కాలేజీలో, తనలాంటివాళ్లు కళ్ల కదలికతో కంప్యూటర్ వాడే పద్ధతి మీద జరిగిన పనిలో పాలుపంచుకున్నాడు. కుర్చీ ఈ భాగాన్ని తొందరగా దాటేస్తుంది, అక్కడికి తాను వెళ్లలేదు గనుక. కానీ జీవితం అంతా పరుగే అనుకుంటే రిక్‌కు అన్యాయం చేసినట్టే. అక్షరం అక్షరం ఏరుకుని డిగ్రీ పూర్తిచేయడం ఏ మారథాన్‌కూ తీసిపోని దూరం.

2013 ఏప్రిల్ 8న, బోస్టన్ మారథాన్ మొదలయ్యే హాప్‌కింటన్‌లో, తండ్రీకొడుకుల కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. కుర్చీ కూడా అందులో ఉంది. ఆ ఏడు మారథాన్ ఆఖరిదనుకున్నారు. ముగింపు గీత దగ్గర బాంబులు పేలి పరుగు ఆగిపోయింది. అలా వదిలేయడం ఇష్టం లేక 2014లో మళ్లీ వచ్చారు. 73 ఏళ్ల డిక్‌కు అదే చివరి బోస్టన్. తర్వాత కొన్నేళ్లు బ్రయాన్ లయన్స్ అనే దంతవైద్యుడు రిక్‌ను తోశాడు. అతను 2020లో చనిపోయాడు. 2021 మార్చి 17న, 80 ఏళ్ల వయసులో, డిక్ నిద్రలోనే పోయాడు. ఒకవేళ ఒక్క పని చేయగల శక్తి వస్తే ఏం చేస్తావని ఎప్పుడో అడిగితే, నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కసారి తాను తోయాలని ఉందని రిక్ చెప్పాడు. ఆ కోరిక తీరేది కాదని చెప్పేటప్పుడే అతనికి తెలుసు. రెండేళ్లకు రిక్ కూడా వెళ్లిపోయాడు.

ఇప్పుడు హోయ్ట్ పేరుతోనే పరుగు కుర్చీలు తయారవుతున్నాయి. ఒకరు తోస్తూ ఒకరు కూర్చునే జట్లు చాలా పోటీల్లో కనిపిస్తున్నాయి. ఇలాంటి కుర్చీకి కావలసిన రిమ్ములు, స్పోకులు, ట్యూబులు, బ్రేకు తీగలు రాజమండ్రిలోనో భీమవరంలోనో ఏ సైకిలు షాపులోనైనా దొరుకుతాయి. గొట్టాలు వంచి అతికే వెల్డరు ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. కష్టమైనది సీటు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల వెన్ను ఒక్కొక్కరిది ఒక్కో తీరుగా వంగుతుంది; తుంటి ఎముకలు ఒకవైపుకు ఒరుగుతాయి. కొలత తప్పితే గంటలోనే చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది. అందుకని ఫిజియోథెరపిస్టు దగ్గరుండి కొలత తీయాలి, నడుముకూ ఛాతీకీ పట్టీలు వేయాలి, తల ఊగకుండా పక్కల మెత్తలు పెట్టాలి, పిల్ల ఎదిగే కొద్దీ సీటు మార్చాలి. రిక్ కోసం చేసిన సీటు ఇంకొకరికి సరిపోదు.