యాత్రాప్రియవాక్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక. ఆగిరిపల్లిలో, శోభనాచలము నెదుట, ఉద్యోగవిరమణానంతరము స్వగ్రామమునకు వేంచేసిన యొక పెద్దమనిషికి జరిగిన సన్మానసభలో పంచిపెట్టిన పత్రమునందలి దీ వాక్యము. ఇట్టి వాక్యము లేని సన్మానపత్రము గాని, పెండ్లికొడుకు బయోడేటా గాని యిప్పుడు దుర్లభమగుటచేత వ్యాఖ్యానము అవశ్యకర్తవ్యమైనది.

మూలము. "బాల్యమునుండియు ప్రయాణమే నా ప్రాణము, అదియే నన్నింతవానిని జేసినది."

టీక. "బాల్యము", "నా" యనునవి సుగమములు, విడిచితిమి. ప్రాణము: ప్రాణాపానవ్యానోదానసమానములని యైదు గదా, ఇందేది వివక్షితము? సర్వశరీరసంచారి గావున వ్యానమని కొందఱు. నూజివీడు స్టేషనున దిగి, ఊరేదని వెదకి, ఆ స్టేషను హనుమాను జంక్షనున నున్నదని యప్పుడు గ్రహించి, సంచులతో బస్సుకై యెండలో నిలుచున్నవానికి మాత్రము అది ఊర్ధ్వగామియైన ఉదానమే యని మా సిద్ధాంతము.

ఇంతవానిని: ఎంతవానిని? "ఎచటెచట ప్రయాణమో అచటచట పరిపాకము, బంగినపల్లివలె" అని పూర్వపక్షి యనుమానము. ఈ తోటల కాయ నున్న మార్కెట్టు చేరి, లారీయెక్కి, ఢిల్లీ చేరునప్పటికి పండుచున్నది గదా యని వాని దృష్టాంతము. అది చెల్లదు. చిక్కముతో కోసి ఇంటనే గడ్డిలో మాగవేసిన కాయయు పండుచున్నది, ఇది వ్యతిరేకవ్యభిచారము. లారీలోనే కుళ్లినది కలదు; ఇది అన్వయవ్యభిచారము. పైపెచ్చు ఢిల్లీ చేరిన పండెన్నడును సన్మానము కోరలేదు.

ఇక యాత్రాప్రియులకు కులకూటస్థుడు ప్రవరాఖ్యుడు. మార్కండేయపురాణకథను అల్లసాని పెద్దన మనుచరిత్రమున విస్తరించెను. హిమవంతమునకు చేరుటకై సిద్ధుడొసగిన లేపనమును ప్రవరుడు రెండు పాదములకును పూసికొనెనా, ఒకదానికేనా? ఒకదానికే యైనచో రెండవకాలు అరుణాస్పదపురమున వెనుకబడియుండవలెను, అంతటి వైకల్యమును పెద్దన చెప్పక మానడు, కనుక రెండింటికే. అచటి మంచునీట ఆ రెంటి లేపనము సమముగా కరగెనా, ముందువెనుకలుగానా? ముందువెనుకలైనచో కొంత దూరము ఒంటికాలి గమనమును ఊహింపవలెను. ఆ గమనమునకు మహాకవి ఒక్క పద్యమైనను వ్రాయకుండుట చింత్యము. ఏమైనను హిమవత్పర్వతము కన్నులారగాంచిన యా యాత్రికుడు మధ్యాహ్నము దాటకముందే కోరినది ఇంటిదారి యొక్కటియే. అచట ఎదురైన అచ్చర వరూధినిని సైతము అదియే యడిగెను. యాత్ర తన్ను తీర్చిదిద్దినదని అతడు ఏ సభలోను చెప్పలేదు.

మఱియు నొక విషయము. ప్రవరునకు యాత్రలపై మక్కువ హెచ్చినది అతిథులను ప్రశ్నించి ప్రశ్నించి. అతిథి సమాధానములు చెప్పవలెనన్న వానికి ముందు అన్నము పడవలెను. ఎందఱు ఏ వేళ వచ్చినను వండుటకు విసుగని యిల్లాలిని పెద్దన చెప్పెను గాని, ఆమె హిమవంతమును చూడగోరెనా యని యెవ్వరును అడుగలేదు. వరూధిని కన్నులపై పుటలు నింపిన వ్యాఖ్యాతలు ఆ వంటింటి పొగను దాటి పోయిరి. ఇది వ్యాకరణచర్చ కాదని తెలియును. అయినను చెప్పక తీరదు.

ఇక కావ్యము విడిచి నిజయాత్రికుని జూతము. చెన్నపట్టణపు సుప్రీంకోర్టున దుబాసియైన ఏనుగుల వీరాస్వామయ్య పరివారసమేతుడై 1830 మే 18న కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. 1838లో అచ్చైన ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీమజిలీకిని నీటివసతి యెట్టిది, అంగళ్లున్నవా, దారి బోయీలకు అనుకూలమా యనునవి యుండును. చదువరికి మఱునాటి దారి తెలియునే కాని కర్తగారి ఘనత అంతగా తెలియదు. మన పత్రమున ఇరువదియొక క్షేత్రములును, మూడు విదేశములును కలవు. ఒక్క ఊరిలోనైన నీరెక్కడ దొరకునో లేదు.

"జేసినది": ఈ క్రియకు "అది" కర్త యగుట అసంగతము. ఆయన తిరుగుచున్నంతకాలము తోటకాపు గుత్త బేరమాడినదియు, పూతకు తేనెమంచు పురుగు పట్టిన యేడు మందు చల్లించినదియు, మంచమెక్కిన అత్తగారికి గంజి పట్టినదియు, ప్రతి యాత్రకును పెట్టె సర్దినదియు ఎవరో ఊరంతయు ఎఱుగును. ఆమెను ఇచట అధ్యాహారము చేసికొనవలెను.

తాత్పర్యము. బాల్యమునుండియు ప్రయాణములు చేసిన యొకానొకనిని, ప్రయాణము చేయని యొకామె యింతవానిని జేసినది.

విశేషము. పత్రమున దండలిచ్చిన దాతల పేర్లు, మైకుసెట్టువాని పేరు అచ్చుపడినవి. ఆమె పేరు లేదు. పునర్ముద్రణమున చేర్చుదురేని, ఈ వ్యాఖ్య యంతయు నిరర్థకమై పోవుటకు వ్యాఖ్యాతకు అభ్యంతరము లేదు.