కాదనలేదు, అంతే

ఉద్యోగంలో చేరకముందే విజిటింగ్ కార్డులు కొట్టించుకున్న మొనగాణ్ణి నేను. ఆఫర్ లెటర్ చేతికొచ్చిన సాయంత్రమే లాల్‌దర్వాజా నుంచి నేరుగా ఛత్తాబజార్ పోయాను. పెళ్లికార్డులు అచ్చేసే ఆ గల్లీలో ఒక పెద్దాయన కళ్లద్దాలు ముక్కు కొసకి జార్చి, నేను రాసిచ్చిన చీటీ చదివి, ‘యానిమేటర్ బోలేతో... జాన్వరాం కా డాక్టర్?’ అన్నాడు. నాకు రోషం వచ్చింది. సినిమాల్లో పులుల్ని ఉరికించేవాణ్ణి అన్నాను. ‘అచ్ఛా, సర్కస్!’ అని తలూపి, బంగారు అంచు వేయాలా అని అడిగాడు. వేయమన్నాను.

ఇక అసలు పని సంగతి. స్టూడియో పేరు చెప్పను, వాళ్ల తప్పేం లేదు. హైటెక్ సిటీ వైపు పెద్ద అద్దాల బిల్డింగు. ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి పోయే ఎంఎంటీఎస్‌ని ఉప్పుగూడలో పట్టుకుని, మెడలో ఐడీ కార్డు అందరికీ కనపడేలా సర్దుకుని వెళ్లేవాణ్ణి. నన్ను కూర్చోబెట్టింది రోటోలో. రోటో అంటే తెర మీది మనిషి చుట్టూ గీత గీసి, వెనకున్న దృశ్యం నుంచి అతన్ని వేరుచేయడం. సెకనుకి 24 ఫ్రేములు. హీరోగారు నాలుగు సెకన్లు తల ఎగరేస్తే 96 ఫ్రేముల్లో ఆ జుట్టు చుట్టూ గీత సరిచూసుకోవాలి, సెట్లో ఫ్యాన్ పెట్టినవాణ్ణి తిట్టుకుంటూ. తర్వాత ‘పెయింట్’కి మార్చారు. రంగులేమో అని మురిశాను. హీరో నడుముకి కట్టిన వైరు కనపడకుండా చెరిపేయడమట. అంటే నేను తెర మీద పెట్టింది ఏమీ లేదు, తీసేసిందే అంతా. యానిమేటర్లు, వాళ్ల పులులు, అన్నీ ఇంకో అంతస్తులో. నా ఐడీ కార్డుకి ఆ తలుపు తెరుచుకునేది కాదు.

ఈ ముక్క మా గల్లీలో చెప్పేయొచ్చు కదా అంటారు. చెప్పేవాణ్ణే, కానీ ముందు పిల్లలు దొరికారు. 2008లో పోగోలో మొదలైన ఛోటా భీమ్ అప్పటికే ప్రతి ఇంట్లోనూ లడ్డూలు తింటున్నాడు. తీసేది మన హైదరాబాద్ కంపెనీయే, 2001లో రాజీవ్ చిలక పెట్టిన గ్రీన్ గోల్డ్. పిల్లల లెక్కలో ఊళ్లో కార్టూన్ల పని చేసేవాళ్లంతా ఒకే గదిలో కూర్చుంటారు. ‘అన్నా, భీమ్‌ని నువ్వే గీస్తవా?’ అన్నారు. నేను చిన్నగా నవ్వాను. అబద్ధం ఆడలేదు. కాదనలేదు, అంతే. మర్నాటి నుంచి నోటుబుక్కులు వరస కట్టాయి. నాకు భీమ్‌ని గీయడం రాదు, లడ్డూ వచ్చు. లడ్డూ గీసి కింద సంతకం పెట్టేవాణ్ణి.

అబద్ధానికి ధైర్యం కావాలి, నాలాంటి పిరికివాళ్లకి చిరునవ్వు చాలు. మిమ్మల్ని ఏ కలెక్టరుగారి మేనల్లుడో అనుకుని ఎవరైనా కుర్చీ వేశారనుకోండి, మీరు మాత్రం ఠక్కున లేచి నిలబడతారా?

ఆ ఆషాఢంలో సింహవాహిని అమ్మవారి బోనాలకి గల్లీ మొదట్లో ఒక ఫ్లెక్సీ వెలిసింది. నా ఫొటో, వెనక పులి, ‘హాలీవుడ్‌లో మన గల్లీ బిడ్డ’, కింద ‘శుభాకాంక్షలతో, మిత్రబృందం’. మిత్రబృందం నేనే. డిజైనూ నాదే, డబ్బూ నాదే.

తర్వాత నేను పనిచేసిన సినిమా వచ్చింది. అమ్మని, పెద్దమ్మని, పక్కింటివాళ్లని ఆటోల్లో కుక్కి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ తీసుకెళ్లాను. ఫైట్ మొదలైంది, నా షాట్ వచ్చింది, నేను లేచి ‘ఇదే, ఇదే నాది’ అని అరిచాను, వెనకవాళ్లు కూర్చో కూర్చో అని అరిచారు, పెద్దమ్మ ‘ఏదిరా, ఏది?’ అంటోంది, హీరో ఎగురుతున్నడు గదా, నడుముకి తాడు కనవడ్డదా అన్నాను, లేదు బిడ్డా అంది, అదే నేను చేసింది అన్నాను, అప్పటికే హీరో కిందికి దిగి హీరోయిన్‌తో మంచుకొండల్లో పాట పాడుతున్నాడు. పెద్దమ్మ ఇంటర్వెల్ దాకా ఆలోచించింది. ‘లేని తాడుని తీసినందుకు నెలనెలా జీతమిస్తున్నరా? మంచోళ్లు’ అంది.

చివర పేర్లొస్తాయి, ఉండండని అందర్నీ బతిమాలి కూర్చోబెట్టాను. పేర్లు మొదలవగానే లైట్లేశారు, తలుపులు తీశారు, చీపుళ్లొచ్చాయి, తెర ఆరిపోయింది. వాటిల్లో నా పేరుందో లేదో నాకూ తెలీదు. ‘ఇంకొక్క నిమిషమైతే వచ్చేదే’ అన్నాను.

ఇంతటితో బుద్ధి రావాలి. రాలేదు. 2013 ఫిబ్రవరిలో ‘లైఫ్ ఆఫ్ పై’కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అందులో రిచర్డ్ పార్కర్ అనే పులిని తయారుచేసింది లాస్ ఏంజెలెస్ కంపెనీ రిథమ్ అండ్ హ్యూస్. దానికి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది, ఇక్కడివాళ్లూ ఆ సినిమాకి పనిచేశారు. నేను ఆ కంపెనీ మెట్లు కూడా ఎక్కినవాణ్ణి కాదు. కానీ గల్లీకి కావలసినవన్నీ ఉన్నాయి: పులి, హైదరాబాద్, నా ఫ్లెక్సీ. పొద్దున్నే కిరాణా సేటు దండ పట్టుకొచ్చి నా మెడలో వేసి, ‘ఆస్కార్ ఏడ పెట్టినవ్ బిడ్డా, భద్రమేనా?’ అన్నాడు. ‘అది అందరి కష్టం సేటూ’ అన్నాను. చూశారా తెలివి? ఒక్క అక్షరం అబద్ధం లేదు. సేటు జిలేబీలు తెప్పించాడు. వచ్చినవాళ్ల నోట్లో నేనే స్వయంగా పెట్టాను. వారం తిరక్కుండా గౌలిపురా నుంచి పెళ్లి సంబంధం కూడా వచ్చింది.

అయితే ఆ ఆస్కార్‌కి ముందు, రెండు వారాల లోపే ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. వేదిక మీద అవార్డు అందుకున్న బిల్ వెస్టెన్‌హోఫర్ ఆ సంగతి ఎత్తబోతే ‘జాస్’ సంగీతం పెంచి మైకు కట్టేశారు. బయట వందలమంది ఆర్టిస్టులు నిరసనకు దిగారు. దేశదేశాల్లో మా పని చేసేవాళ్లు ఫేస్‌బుక్‌లో ఫొటో తీసేసి గ్రీన్ స్క్రీన్ రంగు పెట్టుకున్నారు. నేనూ పెట్టాను. అది మాత్రం డాబు కాదు, నిజంగానే కడుపు తరుక్కుపోయింది. మా చిన్నాయన వెంటనే ఫోన్ చేసి, ‘పాతబస్తీల ఉండి పచ్చరంగు పెట్టినవ్, ఏ పార్టీల చేరినవ్‌రా?’ అన్నాడు.

దివాలా కబురు మా గల్లీకి కొంచెం ఆలస్యంగా చేరింది, చేరాక ఒక్కింటినీ వదల్లేదు. ఆస్కార్ నాదైనప్పుడు దివాలా నాది కాకుండా ఎట్లా పోతుంది? ఒకరి తర్వాత ఒకరు పరామర్శకి వచ్చారు. గౌలిపురా వాళ్లు జాతకాలు మళ్లీ చూపించుకున్నారు, ఈసారి కలవలేదట. సేటు ఉద్దెర బంద్ చేశాడు. అది నా కంపెనీ కాదు, నా ఉద్యోగం నాకుంది అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ‘పరువు కోసం అట్లనే అంటడు, పాపం’ అన్నారు. ఎదురుగానే అన్నారు.

చివరికి జీతం స్లిప్పు పట్టుకెళ్లి సేటు ముందు పెట్టాను. కంపెనీ పేరు కూడబలుక్కుని చదివాడు. నన్ను చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. ‘అయితే ఆస్కార్ మనది కాదా?’ అన్నాడు.

కాదన్నాను. మొదటిసారి.

‘మంచిది’ అని ఖాతా పుస్తకం తీసి, ఆ రోజు తెప్పించిన జిలేబీల లెక్క నా పేరున రాశాడు. పది కిలోలట. ఐదుకి మించి ఉండవని నా వాదన.