నాగలి మానేసిన పుణ్యం

గుంటూరు, కృష్ణా జిల్లాల డెల్టాలో భూమాత ఇప్పుడు హాయిగా ఉందట. వరి కోసిన మడిలో పదును ఆరకముందే తాడు పట్టి, కర్రతో గుంట పొడిచి, మొక్కజొన్న గింజ వేసి పోతున్నారు. దీని పేరు జీరో టిల్లేజ్. నేల కోత ఆగిందని, కర్బనం నిలిచిందని, వానపాములు వర్ధిల్లుతున్నాయని సదస్సుల్లో పెద్దలు మురిసిపోతారు. రైతును అడిగితే మాత్రం దుక్కి ఖర్చు మిగిలిందంటాడు, అదును కలిసొచ్చిందంటాడు. ఆయన మాట నిజం. పేచీ అంతా పెద్దల మాటతోనే.

నేలను కదపడం తగ్గించాలి, గడ్డీగాదం కప్పి ఉంచాలి, పంటలు మార్చాలి. ఈ మూడూ కలిస్తేనే సంరక్షణ సేద్యమని ఆహార వ్యవసాయ సంస్థ చెబుతుంది. మనం మొదటిది పట్టుకున్నాం, అదీ రబీకే. జూలైలో అదే మడిలోకి కేజ్ వీల్స్ ట్రాక్టరు దిగి అడ్డంగా, నిలువుగా దమ్ము చేస్తుంది. డిసెంబరుకల్లా అదే ‘దున్నని చేను’ అయి ఫొటో దిగుతుంది. రాత్రంతా తిని తెల్లారి ఏకాదశి అన్నట్టు!

రెండోది కప్పు. విత్తాక నేల కనీసం 30 శాతం పంట వ్యర్థాల కింద ఉండాలన్నది అమెరికా వాళ్ల లెక్క. ఇక్కడ హార్వెస్టర్ వదిలిన గడ్డి అడ్డమని అగ్గిపుల్ల గీసిన చేలల్లో నూటికి నూరూ కప్పే, బూడిద కప్పు.

ఇక కలుపు. నాగలి చేసే పని ఎవరో ఒకరు చేయాలిగా! పారాక్వాట్ చేస్తుంది. 1962లో అమ్మకానికొచ్చిన ఈ మందు కడుపులోకి పోతే విరుగుడు లేదు. ఐరోపా సమాఖ్యలో 2007 నుంచి నిషేధం. ఇక్కడ లుంగీ ఎగగట్టి, మూతికి తువ్వాలు చుట్టి, ఒట్టికాళ్లతో తైవాన్ పంపు మోసే కూలీ దీన్ని కొడతాడు. సదస్సువాళ్ల పర్యావరణంలో ఆయనకు చోటున్నట్టు లేదు.

అన్నట్టు, కోతకు రెండు మూడు రోజుల ముందు వరి పైరులోనే మినుములు చల్లేదీ ఈ డెల్టాయే. దుక్కి లేదు, పంట మారింది, నేలకు నత్రజనీ దక్కింది. తాతలనాటి పద్ధతి కదా, శాలువా కప్పినవాళ్లు తక్కువ. పల్లాకు తెగులు, బంగారుతీగ దాన్ని తినేస్తుంటే, మిగిలిన మొలకల్ని కోత మిషను తొక్కేస్తుంటే రైతులు మొక్కజొన్నకు మళ్లారు.

ఇప్పుడు కార్బన్ క్రెడిట్ల ముచ్చట మొదలైంది. దున్నలేదు గనుక డబ్బులిస్తారట. రండి బాబూ, మంచిదే. జనవరిలో పచ్చటి మొక్కజొన్న చూడ్డానికి కాదు, జూలైలో దమ్ము నాడు రండి. డిసెంబరులో అగ్గిపెట్టె తీసేవేళకి ఇంకోసారి. మందు కొట్టే రోజు కూడా వస్తానంటే, ఒక పంపు మీకూ ఇప్పిస్తాం.