మూడు సర్కార్లకు, ఒకే హోటల్ గురించి

మాడ్రిడ్‌లోని కేంద్ర ప్రభుత్వం వారికి, సెవిల్‌లోని అండలూసియా ప్రాంతీయ ప్రభుత్వం వారికి, కార్బొనేరాస్ మున్సిపాలిటీ వారికి ముగ్గురికీ కలిపి ఒకటే లేఖ. విడివిడిగా రాస్తే మొదటివారు రెండోవారికి, రెండోవారు మూడోవారికి, మూడోవారు తిరిగి మొదటివారికి పంపిస్తారు. ఇరవై ఏళ్ల అనుభవం అది.

ఆగస్టు, 2025

మహారాజశ్రీ పాలకుల దివ్యసముఖమునకు,

స్పెయిన్ దేశం, అల్మెరీయా జిల్లా, కార్బొనేరాస్ వాస్తవ్యుల తరఫున నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా, ఇక్కడ అందరూ క్షేమం. మధ్యధరా సముద్రం క్షేమం. ఎండలు క్షేమం. ఊరికి ఉత్తరాన అల్గరోబికో బీచ్ ఒడ్డున, కొండను మెట్లుమెట్లుగా చెక్కి కట్టిన 21 అంతస్తుల, 411 గదుల హోటల్ కూడా తమ దయవల్ల పరమ క్షేమం. దాని గోడ మీద నుంచి ఒక్క పెచ్చు తీయడానికి కూడా ఎవరూ రాలేదు.

గడిచిన ఫిబ్రవరిలో తమరు సెలవిచ్చిన మాట ఊళ్లోవాళ్లకి బాగా గుర్తుంది. తీర రక్షణ పరిధిలో హోటల్ ఆక్రమించిన స్థలాన్ని ప్రజాప్రయోజనం కింద స్వాధీనం చేసుకుంటున్నట్టు కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ప్రథమ ఉప ప్రధాని మరీయా హెసూస్ మొంతేరో ఆ సంగతి స్వయంగా ప్రకటించారు. ఐదు నెలల్లో కూల్చివేతకు దారి పడుతుందన్నారు.

ఐదు నెలలు.

మార్చి, ఏప్రిల్, మే, జూన్, జూలై. ఎలా లెక్కపెట్టినా ఐదే వస్తున్నాయి. మధ్యలో అధికమాసం పడిందా అంటే ఆ లెక్క స్పెయిన్‌లో లేదు. సెలవులే అడ్డమొచ్చాయనుకుందామంటే ఫిబ్రవరిలో మాటిచ్చేటప్పుడు ఆగస్టు ఎప్పుడొస్తుందో తమకి తెలియదా? ఎవరడిగారండీ ఐదు నెలలని? "చూస్తాం, చేస్తాం" అని ఊరుకుంటే పోయేది కదా! ఇరవై ఏళ్లుగా ఆ మాటకి అలవాటుపడ్డ జనమే కదా! ఒక అంకె చెప్పి, ఆశపెట్టి, పత్రికల్లో ఫొటోలు వేయించుకుని, గడువు దాటాక కనీసం "ఆలస్యమైంది" అని ఒక చీటీ ముక్క మున్సిపాలిటీ తలుపుకి అంటించలేదే!

క్షమించాలి. మర్యాద తప్పింది. మళ్లీ మొదటినుంచి.

కాబో దె గాటా-నీహర్ ప్రాంతాన్ని తమరు 1987లో రక్షిత ప్రకృతి పార్కుగా ప్రకటించారు. చల్లారిన అగ్నిపర్వతాల రాళ్లు, అరచేయంత నీడ కూడా ఇవ్వని పొట్టి తాటిజాతి చెట్లు, యూరప్‌లోకెల్లా తక్కువ వానలు పడే నేల, ఒడ్డు దాటి నీళ్లలోకి దిగితే పొసిడోనియా గడ్డి మైదానాలు. మరుసటి ఏడు తీర చట్టం తెచ్చారు. ఒడ్డు నుంచి వంద మీటర్ల లోపల కట్టడాలు కూడదన్నారు. చక్కటి చట్టం. ఆ రెండూ చేతిలో ఉండగానే 2003లో ఈ హోటల్‌కు లైసెన్సు ఇచ్చారు. పునాది తీసేటప్పుడు అది ఎవరి కంటా పడలేదు. పదో అంతస్తు లేచినప్పుడూ పడలేదు. పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కితే, 2006 ఫిబ్రవరిలో అల్మెరీయా న్యాయమూర్తి పని ఆపించారు. అప్పటికి దాదాపు అంతా అయిపోయింది. అతిథులు రావడం ఒక్కటే తక్కువ. ఆ గదుల్లో ఇప్పటిదాకా ఒక్క అతిథీ పడుకోలేదు.

మ్యాపుల విషయంలో తమరి చాకచక్యం ప్రత్యేకంగా మెచ్చుకోదగింది. పార్కుకి 1994లో గీసిన ప్లానులో ఆ స్థలం కట్టడాలకి వీల్లేని నేల. 1997 వచ్చేసరికి అదే స్థలం కట్టుకోదగ్గ నేలగా మారింది. కొండ కదల్లేదు, సముద్రం కదల్లేదు, మ్యాపు మీద రంగే కదిలింది. ఆ మార్పు పద్ధతి ప్రకారం జరగలేదని తర్వాత కోర్టు తేల్చింది. అండలూసియా హైకోర్టు 2012లో ఇది రక్షిత భూమేనంది. 2014లో అదే హైకోర్టులో మరో బెంచి, కట్టుకోవచ్చంది. 2016లో సుప్రీంకోర్టు మళ్లీ రక్షిత భూమేనంది. బీచ్‌లో గొడుగు పాతుకోవడానికి వచ్చిన మనిషి ఈ తీర్పులన్నీ చదవాలంటే సెలవులు చాలవు.

ఆ 2014 మే నెలలోనే గ్రీన్‌పీస్ కార్యకర్తలు వందమందికి పైగా హోటల్ ఎక్కి, దాని ముఖం మీద 8,000 చదరపు మీటర్ల నల్లటి గుండ్రటి చుక్క వేశారు. మధ్యలో 'అక్రమ హోటల్' అని రాశారు. వాళ్ల ఉద్దేశం దాన్ని వేలెత్తి చూపడం. తెలుగువాళ్లెవరైనా చూస్తే మాత్రం అంత పెద్ద దిష్టిచుక్క జన్మలో చూడలేదనుకుంటారు. పనిచేసింది కూడా అలాగే. పదకొండేళ్లుగా దానికి ఏ కన్నూ తగల్లేదు, ఏ సుత్తీ తగల్లేదు.

ఇక యాజమాన్యం సంగతి. 2006లో ప్రాంతీయ ప్రభుత్వం తనకున్న ముందస్తు కొనుగోలు హక్కు వాడి, సుమారు 23 లక్షల యూరోలకు ఆ స్థలాన్ని తీసుకుంటానంది. దాని మీద పదేళ్లు కేసు నడిచింది. 2016లో సుప్రీంకోర్టు స్థలం ప్రభుత్వానిదేనని తేల్చింది. అంటే నేల సర్కారుది, గోడలు కట్టించిన కంపెనీవి, వాటి నీడ ఊరిది. 2011లో కేంద్రం, ప్రాంతం కలిసి ఒప్పందం కూడా రాసుకున్నాయి. కూల్చడం కేంద్రం వంతు, శిథిలాలు ఎత్తి కొండను బాగుచెయ్యడం ప్రాంతం వంతు. సంతకాలయ్యాయి. ఫొటోలయ్యాయి. తర్వాత లైసెన్సు ఇచ్చిన మున్సిపాలిటీయే దాన్ని తిరగదోడాలని కోర్టు చెప్పింది. 2021లో హైకోర్టు, లైసెన్సు ఇంకా రద్దు కాలేదు కాబట్టి కూల్చమని చెప్పలేమంది. లైసెన్సు రద్దు చేయాల్సింది మున్సిపాలిటీ. నేల ప్రాంతానిది. తీరం కేంద్రానిది. మాడ్రిడ్‌ని అడిగితే సెవిల్ అంటుంది, సెవిల్‌ని అడిగితే కార్బొనేరాస్ అంటుంది, కార్బొనేరాస్‌ని అడిగితే లాయరుగారు ఊళ్లో లేరంటుంది. 2019లో సెవిల్‌లో అధికారం చేతులు మారింది. దాంతో మాడ్రిడ్‌లో ఒక పార్టీ, సెవిల్‌లో ఇంకో పార్టీ అయి, ఒకరి మీద ఒకరు చెప్పుకోవడానికి ఇంకా తీరిక దొరికింది.

కూల్చడం అంత కష్టమా? కేరళలో, కొచ్చి పక్కన మరడు అనే చోట తీర నిబంధనలు దాటి కట్టిన నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలున్నాయి. వాటిని పడగొట్టమని 2019 మేలో భారత సుప్రీంకోర్టు చెప్పింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలతో సెకన్లలో నేలమట్టం చేశారు. ఎనిమిది నెలలు. అక్కడ 343 ఫ్లాట్లు, వాటిలో కాపురాలు, అప్పు చేసి కొనుక్కున్నవాళ్లు, గేటు దగ్గర ఏడ్చినవాళ్లు ఉన్నారు. అది చూసి సంతోషించేదేమీ లేదు. కానీ ఇక్కడ ఖాళీ చేయించడానికి మనుషులే లేరు కదా! 411 గదుల్లో ఎవరి సామానూ లేదు.

ఇదే బీచ్‌లో ఇంతకుముందు ఒక ఊరే కట్టారు. 1962లో వచ్చిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా' సినిమా కోసం డేవిడ్ లీన్ అకాబా పట్నాన్ని అల్గరోబికోలోనే నిలబెట్టారు. ఒంటెలు, గుర్రాలు ఆ సెట్టు మీదుగా సముద్రం వైపు దూసుకెళ్లే దృశ్యం ప్రపంచమంతా చూసింది. షూటింగు అయిపోయింది, ఊరూ పోయింది, బీచ్ మిగిలింది. సినిమావాళ్లకి చేతనైన పని మూడు ప్రభుత్వాలకి చేతకాకపోవడం ఏమిటి?

సినిమా అంటే గుర్తొచ్చింది, ఇంకో మనవి. హోటల్‌ని పడగొట్టలేని తమరు, పడిపోకూడనిదాన్ని నిలబెట్టనూ లేకపోయారు. ఈ పార్కులోనే కొర్తీహో దెల్ ఫ్రాయిలె అనే పాత పొలం ఇల్లుంది. 1928లో ఒక పెళ్లి వేళ జరిగిన హత్య ఆ ఇంటి కథే. స్పానిష్ కవి లోర్కా రాసిన ప్రసిద్ధ విషాద నాటకానికి మూలం అదే. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే తన కౌబాయ్ సినిమాల్లో వాడుకున్నదీ ఆ ఇంటినే. ఆ సినిమాల గాలి తగిలే 1971లో తెలుగులో కృష్ణ టోపీ పెట్టుకుని 'మోసగాళ్లకు మోసగాడు' అయ్యారు. కాబట్టి ఆ గోడల మీద తెలుగువాళ్లకీ కొంచెం హక్కుందనుకోవచ్చు. ఏళ్ల తరబడి అవి చూస్తుండగానే రాలిపోయాయి.

ఇదే పార్కులోని హెనొవేసెస్ బీచ్ వెనక మరో పాత పొలం ఇంటిని 30 గదుల హోటల్ చేస్తామంటే 2020లో ప్రాంతీయ ప్రభుత్వం తల ఊపింది. జనం గోల చేశారు. అల్గరోబికో కళ్లెదుట ఉండగానే మరో బీచ్ దగ్గర ఇంకో హోటల్‌కి తల ఎలా ఊగింది? ఇటు నీహర్ వైపు కూరగాయలు పండించే ప్లాస్టిక్ పందిళ్లు పార్కు గడప దాకా వచ్చేశాయి. ఆ గొడవ విడిగా ఇంకో లేఖ.

ఆ హెనొవేసెస్, మోన్సుల్ తీరాలు ఇన్నాళ్లూ మిగిలింది తమ చట్టాల వల్లేనని తమరు అనుకుంటూ ఉంటే ఒక పేరు గుర్తు చేయాలి. దోన్యా పకీతాగా అందరూ పిలిచే ఫ్రాన్సిస్కా దీయాజ్ తోర్రెస్, వేల ఎకరాల తీరభూమికి యజమానురాలు. బిల్డర్లు వచ్చి ఎంత డబ్బు చూపినా అమ్మలేదు. నూరేళ్లు దాటి బతికి 2014లో కన్నుమూశారు. పార్కు ప్రకటన రాకముందు నుంచీ ఆ ఒడ్డును కాసింది ఆవిడ మొండితనమే. మంత్రిత్వ శాఖ లేదు, బడ్జెట్ లేదు, 'అమ్మను' అనే ఒక్క మాట.

అలాగని ఊళ్లో అందరూ పర్యావరణ వీరులని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఈ హోటల్ కావాలని కార్బొనేరాస్‌లో చాలామంది అన్నారు. కూల్చొద్దని ఊరేగింపులూ తీశారు. వాళ్లని దోషులుగా చూడటం పట్నాల నుంచి వచ్చి రాసేవాళ్లకి తేలిక. సుమారు ఎనిమిది వేల మంది ఉన్న ఊరు. చేపల వేట, సిమెంటు ఫ్యాక్టరీ, బొగ్గు విద్యుత్ కేంద్రం, వేసవి నాలుగు నెలల టూరిజం. ఆ బొగ్గు కేంద్రం కూడా 2021లో మూతపడింది. 411 గదులంటే పక్కలు సర్దేవాళ్లు, వంటవాళ్లు, తోటమాలులు, లాండ్రీ. కొడుక్కి ఊళ్లోనే పని దొరికితే బార్సిలోనా వెళ్లక్కర్లేదని ఏ తల్లి అయినా అనుకుంటుంది. ఆ ఆశ పెట్టింది తమరే, లైసెన్సు చేతికిచ్చి. హోటళ్లతో నిండిన బెనిడార్మ్ మీద కూడా ఎవరికీ కోపం లేదు. 1956లో ప్లాను వేసుకుని, ఇలా ఉంటామని చెప్పి, ఆకాశం వైపు పెరిగిన ఊరది. నచ్చినవాళ్లు వెళ్తారు. ఇక్కడ తమరు హోటల్‌నీ ఇవ్వలేదు, కొండనీ మిగల్చలేదు. ఉద్యోగం కావాలన్నవాడికి ఉద్యోగం లేదు, బీచ్ కావాలన్నవాడికి బీచ్ లేదు. ఇరవై ఏళ్లుగా ఒకే వీధిలో ఉన్న ఆ ఇద్దరూ మాత్రం ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోవడం లేదు.

వెటకారం చాలు. ఇక ఊళ్లోవాళ్లు నేరుగా అడుగుతున్నారు.

లైసెన్సు రద్దు కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలో ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చుని తేల్చండి. సెవిల్‌లో వద్దు, మాడ్రిడ్‌లో వద్దు, ఆ హోటల్ కనబడే చోట కూర్చోండి. కంపెనీకి నష్టపరిహారం ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు చూసుకుంటుంది, దాని కోసం గోడలు ఆగనక్కర్లేదు. ఒడ్డు వైపు భాగం ఒకరు, వెనక భాగం ఇంకొకరు అని ముక్కలు చేసుకుంటే సగం తెగిన హోటల్ మరో ఇరవై ఏళ్లుంటుంది, ఆ పని మాత్రం చెయ్యొద్దు. శిథిలాల లారీలు ఊరి మధ్యలోంచి పోకుండా చూడండి, పోక తప్పదంటే వేసవిలో వద్దు. కాంక్రీటు తీసేశాక కొండ కోతను అలా వదిలెయ్యకుండా మట్టి నింపి, అక్కడి మొక్కలే నాటాలి, నీళ్లు పెట్టి రెండు మూడేళ్లు చూసుకోవాలి. అదంతా చెయ్యడానికి చాలామంది మనుషులు కావాలి. ఆ కాంట్రాక్టు రాసేటప్పుడు, పనివాళ్లలో ఇంతమంది కార్బొనేరాస్ వాళ్లే ఉండాలని ఒక నిబంధన పెట్టండి. హోటల్‌లో పని ఇస్తామని 2003లో చెప్పిన మాట విన్న కుర్రాళ్లకి ఇప్పుడు నలభై దాటింది. సుత్తి పట్టుకునే ఓపిక వాళ్లకి ఇంకా ఉంది.

ఇట్లు,
కార్బొనేరాస్ వాస్తవ్యులు (హోటల్ కావాలన్నవాళ్లు, వద్దన్నవాళ్లు)